మీ ప్రేమకథలో అడ్డు ఎక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మెట్రో రైల్లో కలిసిన అబ్బాయి, అమ్మాయి ప్రేమకథ రాసుకున్నారు. ముగ్గురు నిర్మాతలకు వినిపిస్తే ముగ్గురూ కొత్తదనం లేదన్నారు. అందరి చేతుల్లో ఫోన్లున్న ఈ రోజుల్లో ప్రేమకథకు అసలు చోటుందా, ఉంటే ఏ సినిమాలు చూసి నేర్చుకోవాలి అన్నది మీ సందేహం. ప్రశ్న కింద రెండు పేజీల కథ కూడా పెట్టారు. రెండుసార్లు చదివాను. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. ఇరవై ఆరేళ్లుగా కథాచర్చల్లో కూర్చుంటున్నాను. వన్‌లైన్ ఆర్డర్లు, అంటే ఒక్కో సీనుకు ఒక్కో వాక్యం చొప్పున కథ వరస, రాశాను, వేరేవాళ్ల పేరుతో వెళ్లిన సీన్లు రాశాను. టైటిల్స్‌లో నా పేరు పడే సమయానికి జనం ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. నేను పనిచేసిన ప్రేమకథల్లో ఆడినవి రెండు, ఆడనివి నాలుగు. నేర్చుకున్నదంతా ఆ నాలుగింటి దగ్గరే.

కొత్తదనం లేదన్న మాటను మనసుకు పట్టించుకోకండి. నిర్మాత ఆఫీసులో అది టీ ఇచ్చి సాగనంపే మర్యాద. వింటున్నంతసేపూ ఆయనకు ఏదో వెలితిగా అనిపించింది, అదేమిటో ఆయనకూ తెలియదు, చేతికందిన మాట అనేశాడు. అబ్బాయి, అమ్మాయి, ఇద్దరికీ ఇష్టం. ఇందులో కొత్తదనం ఎక్కడి నుంచి తెస్తారు? నన్నడిగితే కథను మార్చేది అడ్డు. చర్చల్లో మేం కాన్‌ఫ్లిక్ట్ అంటాం గానీ నాకు అడ్డు అన్న మాటే నచ్చుతుంది. ఇద్దరికీ ఇష్టమైతే మూడో రీలుకే శుభం కార్డు పడాలి కదా, ఎందుకు పడలేదు? ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబే మీ సినిమా. మీ రెండు పేజీల్లో ఆ జవాబు "అమ్మాయి తండ్రి ఒప్పుకోడు" అని మూడే మాటల్లో ఉంది. ఎందుకు ఒప్పుకోడో లేదు. ఒప్పుకోకపోతే అమ్మాయి ఏమనుకుంటుందో అసలే లేదు.

1951లో వచ్చిన 'మల్లీశ్వరి' చూడండి. చాలామంది కృష్ణశాస్త్రి పాటల కోసం, రాజేశ్వరరావు బాణీల కోసం చూస్తారు. మీరు ముడి కోసం, అంటే అడ్డు ఎలా పడిందో చూడండి. ఎన్.టి.రామారావు, భానుమతి బావామరదళ్లు. వాన కురిసే రాత్రి ఊరికి తిరిగి వస్తూ దారిలో ఆగుతారు. మల్లి ఆడుతుంది, పాడుతుంది. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు అది చూసి మెచ్చుకుంటాడు. ఆయన ఎవరో వీళ్లకు తెలియదు. బావామరదళ్ల వేళాకోళంలో, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకీ పంపించండి అన్న మాట దొర్లిపోతుంది. నవ్వుకుంటూ ఇంటికి పోతారు. తర్వాత బావ డబ్బు సంపాదించుకు రావడానికి ఊరు విడిచి వెళ్లినప్పుడు నిజంగానే పల్లకీ వస్తుంది. రాణివాసంలోకి వెళ్లిన పిల్ల ఇక తిరిగి రాదు. ఆమెను కలవాలని లోపలికి వెళ్లిన మగవాడికి మరణశిక్ష.

ఇప్పుడు చెప్పండి, ఇందులో విలన్ ఎవరు? రాయలు చెడ్డవాడు కాడు, అడిగిందే ఇచ్చాడు. మల్లి తల్లికి ఆశ ఎక్కువే గానీ, రాజు పంపిన పల్లకీని ఆ ఊళ్లో ఎవరు కాదనగలరు? ఆ పల్లకీ ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే వాళ్లిద్దరూ అందరికన్నా సంతోషంగా ఉన్న ఆ వానరాత్రి దగ్గరికే చేరతాం. బి.ఎన్.రెడ్డి అడ్డును బయటి నుంచి తెచ్చి పెట్టలేదు, ప్రేమ ఎక్కడ మురిసిందో అక్కడే నాటాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ సినిమా వాడిపోకపోవడానికి పాటల తర్వాత నేను చెప్పే కారణం ఇదే.

'దేవదాసు' పేరెత్తితే అందరూ జమీందారు తండ్రినే తిడతారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా ఇప్పుడు చూసినా ఆయన మీద కోపం వస్తుంది. కానీ శరత్ రాసిన మూలకథ తీసి చదవండి. పరువుకు వెరవకుండా పార్వతి అర్ధరాత్రి అతని గదికి వస్తుంది. అతను ఎటూ తేల్చుకోలేడు. కలకత్తా వెళ్లి, తన మనసులో అలాంటి ఉద్దేశం లేదన్నట్టు ఆమెకు ఉత్తరం రాస్తాడు. ఉత్తరం చెయ్యి దాటిపోయాక గుండె జారుతుంది, వెనక్కి పరుగెత్తుకొస్తాడు, అప్పటికి ఆలస్యమైంది. తండ్రి గోడ కట్టాడు, నిజమే. గోడకున్న ఒక్క తలుపునూ వేసుకున్నది మాత్రం దేవదాసే. అక్కినేనిలా శాలువా కప్పుకుని తూలినవాళ్లు మన సినిమాల్లో లెక్కలేనంతమంది. ఆ ఉత్తరం రాసిన పిరికితనాన్ని పట్టుకున్న రచయితలు నాకు తెలిసి చాలా తక్కువ.

ఇక 1964 నాటి 'మూగ మనసులు'. గోదావరి మీద పడవ నడిపే గోపి జమీందారు కూతురు రాధను "అమ్మాయిగారూ" అని పిలుస్తాడు. అంతస్తుల తేడా గురించి వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క పిలుపు చెబుతుంది. ఆ 'గారు' ఉన్నంతకాలం అతను ఆమె పక్కన నిలబడలేడు. ఆ 'గారు' తీసేస్తే అతను గోపి కాడు. ఈ జన్మలో విడని ముడి కాబట్టి ఆదుర్తి సుబ్బారావు కథను మరో జన్మ దాకా నడపాల్సి వచ్చింది.

ఇక్కడ కాస్త పక్కకు వెళతాను. పిలుపుల విషయంలో మన భాష ఇచ్చిన సదుపాయాన్ని మీ స్క్రిప్టులో పూర్తిగా వదిలేశారు. మీ అబ్బాయి మూడో సీనులోనే ఆ మూడు ఇంగ్లీషు ముక్కలు చెప్పేస్తాడు. మన ఇళ్లలో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని ఎవరు ఎవరితో అంటారు? మా అమ్మానాన్నలు యాభై ఏళ్లు కాపురం చేశారు, ఆ మాట నా చెవిన పడలేదు. అమ్మ ఆయనను ఎప్పుడూ 'ఏమండీ' అనే పిలిచేది. పేరు పెట్టి పిలవగా ఒక్కసారి విన్నాను, ఆసుపత్రిలో. మన దగ్గర 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగడమే పెద్ద సంఘటన. రెండు నెలలుగా "మీరు తిన్నారా" అని అడుగుతున్న అమ్మాయి ఒకరోజు ఫోను పెట్టేసే ముందు "తిన్నావా" అంటుంది. నోరు జారిందా, కావాలని అందా? అబ్బాయి రాత్రంతా దొర్లుతూ ఆలోచించుకోవచ్చు, మర్నాడు తాను ఏమని పిలవాలో తెలియక రెండు వాక్యాలు కర్త లేకుండానే మాట్లాడొచ్చు. ఈ సీను ఇంగ్లీషులో రాయడం కుదరదు. మీకు ఉచితంగా దొరికింది, వాడుకోండి.

కొత్తదనం గురించి బెంగ ఇంకా పోకపోతే 'మిస్సమ్మ', 'పెళ్లిపుస్తకం' ఒకే రోజు వరసగా చూడండి. 1955లో పెళ్లికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాలుగా నటించారు. 1991లో మొగుడూపెళ్లాలు ఉద్యోగం కోసం పెళ్లికానివాళ్లుగా నటించారు. ముప్పై ఆరేళ్ల నాటి చొక్కాను బాపు రమణలు తిరగేసి తొడిగితే కొత్త చొక్కా అయింది.

మీ రెండో ప్రశ్న ఫోను గురించి. 1978లో బాలచందర్ 'మరోచరిత్ర' తీశారు. విశాఖ తీరం, తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. పెద్దలు ఒక షరతు పెడతారు: ఏడాదిపాటు ఇద్దరూ దూరంగా ఉండాలి, ఆ తర్వాత కూడా ప్రేమ నిలిస్తే పెళ్లి. సినిమా బలమంతా ఆ ఏడాదిలో ఉంది. ఆ సినిమా తమిళనాట కూడా తెలుగులోనే ఆడింది. భాష అడ్డుగా నిలిచిన కథకు భాష అడ్డు రాలేదన్నమాట. ఇవాళ అదే షరతు పెడితే అబ్బాయి దుప్పటి కప్పుకుని వీడియో కాల్ చేసుకుంటాడు. అందుకే కొందరు తెలివిగా గతంలోకి వెళ్లిపోయారు. 2022లో 'సీతారామం' 1960ల్లోకి వెళ్లింది. నా అనేవాళ్లు ఎవరూ లేని సైనికుడికి, నీ భార్యనంటూ ఒకామె నుంచి ఉత్తరం వస్తుంది, కింద పేరు ఉంటుంది, చిరునామా ఉండదు. ఈ రోజుల్లో అయితే వచ్చిన నంబరుకు తిరిగి ఫోను చేస్తాడు, కథ కంచికి. 'కలర్ ఫోటో' కూడా అలాగే 1990ల నాటి మచిలీపట్నం వెళ్లింది. ఫోను నుంచి పారిపోవడానికి ఇది ఒక దారి, చెడ్డ దారేమీ కాదు. కానీ అందరూ పారిపోతే ఈనాటి ప్రేమకథ ఎవరు రాస్తారు?

ఫోను దూరాన్ని చంపింది, ఎదురుచూపును చంపలేదు. ఏడాది విరహం పదకొండు నిమిషాలకు తగ్గింది, అంతే. సందేశం వెళ్లింది, చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. పైన 'టైపింగ్' అని కనిపించింది, ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాలు తెర మీద నడపడం వస్తే మీకు 1978 అక్కర్లేదు.

అలా నడిపిన సినిమా 2010లో వచ్చిన 'ఏ మాయ చేసావె'. అందులో అందరి దగ్గరా ఫోన్లున్నాయి. పైకి కనిపించే అడ్డులు చాలా ఉన్నాయి. ఆమె మలయాళీ క్రైస్తవ కుటుంబం పిల్ల, అతనికన్నా వయసులో పెద్ద, తండ్రికి కోపం ఎక్కువ. కానీ అసలు అడ్డు జెస్సీ మనసే. ఇవాళ ఔను, రేపు కాదు. ఎత్తకూడదని నిర్ణయించుకున్న మనిషి దగ్గర ఫోను ఉండి ఏం లాభం? గౌతమ్ మేనన్ అదే కథను అదే సమయంలో వేరే జంటతో తమిళంలోనూ తీశాడు. తమిళంలో వాళ్లు కలవరు, తెలుగులో కలుస్తారు. నేను రెండూ చూశాను, రెండు ముగింపులూ నమ్మాను. అడ్డు బయటి గోడే అయి ఉంటే అలా నమ్మేవాణ్ణి కాదు. మనసే అడ్డయినప్పుడు త్రాసు ఎటైనా మొగ్గగలదు.

ఈ మనసు అడ్డు మన దగ్గర బలంగా వచ్చింది 1998, 2006 మధ్య. 'తొలిప్రేమ'లో చివరికి అమ్మాయి తనకూ ప్రేమేనని చెప్పినప్పుడు అబ్బాయే ఆమెను చదువుకు వెళ్లమంటాడు. 'నువ్వే కావాలి'లో చిన్ననాటి స్నేహమే అడ్డు. ప్రేమ అని చెబితే స్నేహం పోతుందేమోనన్న భయం. 'నువ్వు నాకు నచ్చావ్'లో అడ్డు కృతజ్ఞత. ఇంట్లో పెట్టుకుని చూసుకున్న తండ్రి స్నేహితుడికి ద్రోహం చేయలేకపోవడం. 'ఖుషి'లో ఏ ఇంట్లోనూ అభ్యంతరం లేదు. నడుము చూశావా లేదా అన్న తగువు పట్టుకుని ఇద్దరూ సినిమా అంతా లాగారు, జనం విరగబడి చూశారు. నిర్మాతలకు ఇవి ఇష్టమవడానికి వేరే కారణం కూడా ఉందిలెండి. 2000లో 'చిత్రం', 'నువ్వే కావాలి' రెండూ ఉషాకిరణ్ మూవీస్ తీసినవే. కొత్త ముఖాలు, తక్కువ ఖర్చు, మంచి పాటలు. ఆ తర్వాత మా చర్చల గదుల్లో కొన్నేళ్లపాటు కాలేజీ తప్ప ఇంకో ఊసు లేదు.

'బొమ్మరిల్లు' దగ్గర మాత్రం ఆగాలి. 2006లో అది వచ్చినప్పుడు మేం రాస్తున్న కథ పక్కనపెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం. మేం రాస్తున్నదానిలో నలుగురు విలన్లున్నారు. 'బొమ్మరిల్లు'లో ఒక్కడూ లేడు. ప్రకాశ్‌రాజ్ వేసిన తండ్రి కొడుకు మీద చెయ్యి చేసుకోడు, ఇంట్లోంచి గెంటడు. కొడుకు తరఫున బట్టల దగ్గర నుంచి సంబంధం దాకా అన్నీ తానే ఎంచుకుంటాడు, ప్రేమతోనే. మొదట్లో సముద్రపు ఒడ్డున తండ్రి చెయ్యి పట్టుకుని పసివాడు అడుగులు వేస్తాడు. చివర్లో ఆ కొడుకు తండ్రి ఎదుట నిలబడి ఏడుస్తూ మాట్లాడేది కూడా ఆ చెయ్యి గురించే. నాకు ఇంతకన్నా నచ్చిన ముడి ఇంకొకటుంది. హాసిని, తలకు తల ఒక్కసారే తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి తగిలించే పిల్ల. ఆ అల్లరి నచ్చే సిద్ధు ఆమెను ప్రేమించాడు. ఇంట్లోవాళ్లను మెప్పించడానికి తీసుకొచ్చాక, అదే అల్లరి తగ్గించుకోమని అతనే కసురుకుంటాడు. ఆమె వెళ్లిపోవడానికి కారణం తండ్రి అనుకుంటాం. నేను లెక్కవేస్తే సిద్ధూనే. ఏ గుణం చూసి మనసిచ్చాడో ఆ గుణమే ఆ ఇంట్లో ఇమడలేదు. 'మల్లీశ్వరి'లో పల్లకీ ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే వచ్చింది.

ఇక మా వైఫల్యం గురించి. పేరు చెప్పను, మీరు విని ఉండరు కూడా. తండ్రి పెద్ద రైసు మిల్లు యజమాని, అబ్బాయి పేదవాడు, సెకండాఫ్ అంతా తండ్రి మనుషులు వెంటపడటం. రెండో వారం ఏలూరులో మ్యాట్నీకి వెళ్లి వెనక వరుసలో నోటు పుస్తకంతో కూర్చున్నాను. జనం ఎక్కడ లేచి బయటికి వెళుతున్నారో రాసుకోవడం నాకు అలవాటు. హాల్లో ముప్పై మంది ఉంటారు. హీరోను కట్టేసి కొట్టే సీను, మేం వారం రోజులు కూర్చుని రాసింది, నడుస్తోంది. నా ముందు వరుసలో ఒక పెద్దావిడ, పక్కన మనవరాలు. పెద్దావిడ సమోసా కాగితం మడుస్తూ అంది, "ఇంతమంది ఇంత గొడవ పడే బదులు ఆ పిల్లనొకసారి అడగొచ్చు కదే." మనవరాలు నవ్వింది. నేను పుస్తకం మూసేశాను. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాలో మేం ఆ అమ్మాయిని నిజంగానే ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. తండ్రి అడగలేదు, హీరో అడగలేదు, ఆరుగురు రచయితలం కూర్చుని మేమూ అడగలేదు. ఆమె ఏడవడానికి తొమ్మిది సీన్లు మాత్రం రాశాం.

మీ కథలోనూ అదే జబ్బు ఉంది. మీ అమ్మాయి అందంగా ఉంటుంది, నవ్వుతుంది, మెట్రో దిగిపోతుంది. అబ్బాయి నలభై రోజులు అదే బోగీలో ఆమె వెనక నిలబడతాడు. మీకది ప్రేమ. రోజూ మెట్రోలో వెళ్లే మా అమ్మాయికి మీ కథలో ఆ పేరా చదివి వినిపిస్తే, మహిళలకు కేటాయించిన చోటికి మారిపోతానంది. వెంటపడటాన్ని ప్రేమగా చూపించడం మా తరం చేసిన తప్పు, అందులో నా చెయ్యీ ఉంది. మీరు కొనసాగించనక్కర్లేదు. శేఖర్ కమ్ముల 2004లో 'ఆనంద్' తీసినప్పుడు ఇది మంచి కాఫీ లాంటి సినిమా అని పోస్టర్ మీద వేసుకున్నారు, మా ఆఫీసులో నవ్వాం. అందులో రూప పెళ్లిరోజున సంబంధం వదిలేసుకుంటుంది, కాబోయే అత్తగారి తీరుకు, కాబోయే భర్త నోరు మెదపకపోవడానికి. ఆమెకో మనసుంది, దానికో లెక్క ఉంది. 'ఫిదా'లో బాన్సువాడ భానుమతికి అబ్బాయి నచ్చడం కష్టం కాలేదు, తండ్రినీ ఊరినీ వదిలి అమెరికా వెళ్లాలంటేనే కష్టం. చివరికి అబ్బాయే ఆమె ఊరికి వచ్చాడు. అమ్మాయికి ఏం కావాలో రాయగానే అడ్డు దానంతట అదే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. బయటి గోడ పాతబడిందని, ఇక మనసు గోడలే రాయాలని నేను అనడం లేదు. కులం అనే గోడ నిన్న కూడా ఉంది, ఇవాళా ఉంది. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు జరిగిన ప్రణయ్ హత్యను ఎవరూ మరచిపోలేదు. మన సినిమాలు చాలాకాలం ఆ గోడకు 'అంతస్తు' అని, 'పరువు' అని రంగు వేసి చూపించాయి. 2021లో 'ఉప్పెన', 'లవ్ స్టోరీ' ఒకే ఏడాది వచ్చి ఆ రంగు కొంత గీకాయి. ఎంత గీకాయన్నది వేరే చర్చ. మీ తండ్రి పాత్ర ఒప్పుకోకపోవడానికి కులమే కారణమైతే ధైర్యంగా ఆ మాట రాయండి. కాకపోతే అసలు కారణం రాయండి. 'ఒప్పుకోడు' అని ఊరుకోవడం మాత్రం కుదరదు.

అడ్డు దొరికాక ప్రేమను చూపించడం ఎలాగో 'సాగర సంగమం'లో చూడండి. 1983, కె.విశ్వనాథ్. ఢిల్లీలో జరగబోయే నృత్యోత్సవం ఆహ్వాన పత్రికను మాధవి బాలు చేతికి ఇస్తుంది. అతను పేజీలు తిప్పుతాడు, మహామహుల బొమ్మలు ఒక్కొక్కటీ చూసి మురిసిపోతాడు. తిప్పుతూ తిప్పుతూ తన బొమ్మ దగ్గర ఆగిపోతాడు. ఆమె ఏమీ చెప్పదు. ఆ పత్రికలో అతని బొమ్మ వేయించడమే ఆమె చెప్పదలచుకున్నది. ఇంకా ముందుకు వెళితే వాన సీను. ఏళ్లు గడిచాయి. బాలు తాగి నూతి గట్టు మీద ఆడుతున్నాడు. భర్త పోయిన మాధవి, ఆ సంగతి బాలుకు తెలియకూడదని బొట్టు పెట్టుకుని వస్తుంది. వానకు బొట్టు ఎక్కడ కరిగిపోతుందోనని అతను ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెడతాడు. ఆమెకు భర్త ఉన్నాడన్న నమ్మకాన్ని కాపాడటం, అంటే తనకు అడ్డుగా నిలిచినదాన్నే వానలో తడవకుండా కాపాడటం. నేను ఈ సీను చర్చల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఒక్కసారి కూడా గొంతు సరిగ్గా నిలవలేదు.

ముసలివాళ్ల ప్రేమ చూడాలంటే 2012 నాటి 'మిథునం' ఉంది. తెర మీద ఇద్దరే మనుషులు. శ్రీరమణ కథను తనికెళ్ల భరణి తీశారు. భర్త కన్నా ముందు పోవాలని కోరుకోవడం మన ఆడవాళ్ల నోట వినే మాట. బుచ్చిలక్ష్మి కోరుకున్నది తలకిందులు. తాను లేకపోతే ఆయన బతకలేడు కాబట్టి ఆయనే ముందు వెళ్లాలి. అక్కడ అడ్డు మృత్యువు, దానితో కూడా ఆమె ఇల్లు సర్దినట్టు సర్దుకుంటుంది. తర్వాత 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. బడి పిల్లల దగ్గర నుంచి దాదాపు యాభై ఏళ్ల అటెండరు దాకా నాలుగు వయసుల ప్రేమలు, నాలుగు రకాల అడ్డులు, ఎక్కువమంది ఎప్పుడూ కెమెరా ముందు నిలబడని విశాఖవాసులు. ముగింపు చెప్పను, మీరే చూడాలి.

ఇప్పుడు మీ కథ. రెండో పేజీలో, మీరు పట్టించుకోకుండా దాటేసిన ఒక వాక్యం ఉంది: "తల్లి లేదు, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన తండ్రి, ప్రతి ఆదివారం ఆమె వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దిపెడుతుంది." మీ సినిమా అక్కడుంది. మెట్రోలో లేదు.

తండ్రిని ఒప్పుకోనివ్వకండి అన్నది మీ ప్రస్తుత పద్ధతి. ఒప్పించేయండి. ఇంటర్వెల్‌కు ముందే ఆయనకు అబ్బాయి తెగ నచ్చేయాలి. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషికి మనుషులను చూడగానే తెలిసిపోతుంది కదా, ఆ చూపుతోనే నచ్చాలి. అబ్బాయికి మూడేళ్లు విదేశంలో పని పడుతుందని మీరే ఎక్కడో రాశారు. వెళ్లమని తండ్రే అమ్మాయిని తొందరపెడతాడు. ఆమె వెళ్లలేకపోతుంది, వెళ్లనని చెప్పలేకపోతుంది, ఉండిపొమ్మని అబ్బాయినీ అడగలేకపోతుంది. నాన్నను ఒంటరిగా వదలని ఆ గుణం చూసే కదా అబ్బాయి ఆమె మీద మనసు పడ్డాడు? ఇప్పుడు ఆ గుణమే దారికి అడ్డంగా నిలబడుతుంది. ముగ్గురూ మంచివాళ్లు, ఒకరి కోసం ఒకరు తగ్గుతున్నారు, తగ్గినకొద్దీ ముడి బిగుస్తుంది. ఇంటర్వెల్‌కు ఫైటు అక్కర్లేదు. ఆదివారం ఆమె డబ్బా తెరిచేసరికి అన్ని గళ్లలోనూ మాత్రలు అప్పటికే సర్ది ఉంటాయి. నాన్న తానే సర్దుకోవడం నేర్చుకున్నాడు. ఆయన సంతోషంగా చూపిస్తాడు. ఆమెకు ఏడుపొస్తుంది. ఒక గడిలో మాత్ర తప్పు పడింది, అది ఆమె ఒక్కతే చూసింది.

ఆయనకు చెప్పాలా, మౌనంగా మార్చేయాలా? అది మీరు తేల్చుకోండి, కథ మీది.

పని పద్ధతి గురించి రెండు ముక్కలు. నిర్మాతకు చెప్పేటప్పుడు హీరో పరిచయంతో, మొదటి పాటతో మొదలుపెట్టకండి, డబ్బాతో మొదలుపెట్టండి. వన్‌లైన్ ఆర్డర్ అరవై, డెబ్బై సీన్లకు మించకుండా రాసుకుని, ప్రతి సీను పక్కన పెన్సిలుతో "ఇక్కడ ఎవరు ఏం అడగలేకపోయారు" అని ఒక్క ముక్క రాయండి. రాయడానికి ఏమీ దొరకని సీను తీసేయండి. మెట్రో సీన్లు ఇప్పుడు పదకొండున్నాయి, నా లెక్కన మూడు మిగులుతాయి.

కొత్త వన్‌లైన్ తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చదువుతాను. ఈసారి అమ్మాయికి పేరు కూడా పెట్టండి. రెండు పేజీల్లోనూ 'హీరోయిన్' అనే రాశారు.